ఉగాది సభకు ప్రముఖులను పిలుస్తున్నారా? లేఖ పంపే ముందు చూసుకోండి

ఆహ్వానాలు అచ్చుకు వెళ్లే రోజులివి. ఇచ్చే ముందు ఇవి సరిచూడండి.

• పేరుకు ముందు ‘పద్మశ్రీ’, ‘పద్మభూషణ్’ వేయకండి. అవి బిరుదులు కావనీ, పేరుకు ముందు గానీ వెనుక గానీ చేర్చకూడదనీ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆహ్వానపత్రికలకూ ఇదే నియమం. దుర్వినియోగం చేస్తే పురస్కారమే పోతుంది. మనం అభిమానంతో వేసిన మాట అతిథిని చిక్కుల్లో పెట్టకూడదు కదా! ఆ ఘనతను వేదిక మీద పరిచయంలో నోరారా చెప్పండి.

• ఆ పదవిలో ఇప్పుడు ఎవరున్నారో కార్యాలయానికి ఫోను చేసి కనుక్కోండి. నిరుటి లేఖనే తిరగరాస్తే, బదిలీ అయిన కలెక్టరు పేరు అలాగే ఉండిపోతుంది.

• మహిళా అధికారికి ‘అయ్యా!’ అని మొదలైన లేఖను నేను చూశాను, మనసు చివుక్కుమంది. ‘గౌరవనీయులైన కలెక్టర్ గారికి’ అంటే ఎవరికైనా సరిపోతుంది.

• ‘శ్రీమతి’ అనాలో ‘కుమారి’ అనాలో తెలియకపోతే రెండూ వద్దు. పేరు చివర ‘గారికి’ చాలు.

• రాష్ట్రపతికి ‘హిజ్ ఎక్సెలెన్సీ’ అనే సంబోధనను 2012లోనే పక్కన పెట్టారు. ‘గౌరవ రాష్ట్రపతి’ అనండి.

• ఇంటిపేరు, పొడి అక్షరాలు వారు రాసుకునే తీరులోనే ఉండాలి.