పేగు గోడ కారుతోందా? ఐబీడీ ఉన్నవారు రక్త పరీక్షల్ని చదివే పద్ధతి

పేగు లోపలి పొర ఒకే ఒక్క వరస కణాలతో కట్టిన గట్టు. కణానికీ కణానికీ మధ్య సందుల్ని టైట్ జంక్షన్లు అనే ప్రొటీన్ కుట్లు బిగించి ఉంచుతాయి, పైన జిగురు పొర కప్పి ఉంటుంది. ఐబీడీ అంటే పేగులో వాపు పదే పదే వచ్చే దీర్ఘకాలిక జబ్బు. దానిలో ముఖ్యమైన రకాలు రెండు: పేగులో ఎక్కడైనా రాగల క్రోన్స్, పెద్దపేగుకు వచ్చే అల్సరేటివ్ కోలైటిస్. వీటిలో దేనిలోనైనా వాపు వచ్చిందంటే కుట్లు వదులవుతాయి, కణాలు రాలుతాయి, పేగులోనే ఉండాల్సిన బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి ఊరతాయి. కోలైటిస్‌లోనైతే జిగురు పొర కూడా పలచబడుతుంది.

చెరువు గట్టును కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఎన్ని రకాలుగా చూస్తారో రక్త పరీక్షలూ అన్ని రకాలు. గట్టు అవతల తడిని చూసేవి కొన్ని, గట్టు నుంచి కొట్టుకొచ్చిన మట్టిని కొలిచేవి కొన్ని, గట్టు ఇంకా ఎంత మిగిలిందో చెప్పేవి కొన్ని. ఊళ్ళో అలజడి ఎంత ఉందో చెప్పేవి ఇంకొన్ని. గండి ఫలానా చోట ఉందని ఏ ఒక్కటీ వేలు పెట్టి చూపించదు. ఈ సంగతి ముందే తెలిస్తే డబ్బు మిగులుతుంది, దిగులు తగ్గుతుంది.

అలజడి పరీక్షలతో మొదలుపెట్టండి

ఏ ల్యాబ్‌లోనైనా దొరికే సీఆర్‌పీ (వాపు వస్తే కాలేయం వదిలే ప్రొటీన్), ఆల్బుమిన్ (రక్తంలో ఎక్కువగా ఉండే ప్రొటీన్), సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) ఒకే రోజు ఇవ్వండి. అదే వారంలో మలంలో కాల్‌ప్రొటెక్టిన్, అంటే పేగు వాపు దగ్గర చేరే తెల్లకణాల ప్రొటీన్, కూడా చూపించుకోండి. ఇది రక్త పరీక్ష కాదు, కానీ ఇది లేకుండా మిగతావి సగం చదువే.

సీఆర్‌పీలో జనం ఎక్కువగా పొరబడేది యూనిట్ దగ్గర. ఒక ల్యాబ్ లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తే ఇంకో ల్యాబ్ డెసిలీటరుకు ఇస్తుంది. లీటరుకు 5 అన్నా డెసిలీటరుకు 0.5 అన్నా ఒకటే. ల్యాబ్ మారినప్పుడు 8 కాస్తా 0.8 అయితే వ్యాధి తగ్గినట్టు కాదు. చిన్న ఊళ్ళలో ఇప్పటికీ సీఆర్‌పీని పాజిటివ్, నెగెటివ్ అని మాత్రమే రాసిచ్చే స్లైడ్ పరీక్ష చేస్తుంటారు. దానితో పోలిక కుదరదు, అంకె వచ్చే పరీక్షే కావాలని అడగండి. గుండె కోసం మరీ చిన్న అంకెల్నీ పట్టే హెచ్‌ఎస్-సీఆర్‌పీ ఇక్కడ అవసరం లేదు.

రక్తంలో సీఆర్‌పీ సగానికి తగ్గడానికి దాదాపు 19 గంటలు చాలు. అందుకే మందు పనిచేస్తోందో లేదో రోజుల్లోనే చెబుతుంది. అయితే అల్సరేటివ్ కోలైటిస్‌లో, ముఖ్యంగా వ్యాధి పెద్దపేగు చివరి భాగానికే పరిమితమైనప్పుడు, పుండ్లు ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే ఉండవచ్చు. జ్వరం, పంటి చీము, గర్భనిరోధక మాత్రలు, ఊబకాయం దాన్ని పెంచుతాయి. జేఏకే నిరోధకాలనే వాపు తగ్గించే మందులు పేగుతో నిమిత్తం లేకుండానే కొంత తగ్గించగలవు.

ఆల్బుమిన్ నిదానం. సగానికి తగ్గడానికి సుమారు 20 రోజులు పడుతుంది, కాబట్టి మామూలు పరిస్థితుల్లో వారం వారం చూసినా పెద్దగా తెలిసేది ఉండదు. డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా దిగితే మూడు దారులు వెతకాలి: వాపు వల్ల కాలేయం తయారీ తగ్గించిందా, పేగు గుండా ప్రొటీన్ పోతోందా, కాలేయంలోనో కిడ్నీలోనో వేరే తేడా ఉందా. ఐబీడీకి నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. ఆల్బుమిన్ తక్కువున్నవారిలో ఆ మందు ఒంట్లోంచి త్వరగా వెళ్ళిపోతుంది, తీవ్రమైన కోలైటిస్‌లో మలం గుండా కూడా పోతుంది. విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయి ఉంటే ఆల్బుమిన్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

ఫెరిటిన్ వాపుతో పెరుగుతుంది కనుక దాన్ని విడిగా చదవకూడదు. వాపు లేనప్పుడు లీటరుకు 30 మైక్రోగ్రాముల లోపు ఉంటే ఐరన్ లోటు. వాపు ఉన్నప్పుడు 100 వరకు ఉన్నా లోటు ఉండవచ్చు, అప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం కన్నా తక్కువుందా అని చూస్తారు. ఐరన్ ఇంజెక్షన్ ఎక్కించుకున్నాక 8 వారాల వరకు ఫెరిటిన్ అంకెను నమ్మవద్దు.

కాల్‌ప్రొటెక్టిన్‌కు పొద్దున మొదటి మలం, నీళ్ళూ మూత్రమూ తగలకుండా, ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో తీసుకోండి. మూడు రోజుల్లోపు చేర్చాలి, ఎండలో బండి డిక్కీలో ఉంచకూడదు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు నిశ్చింత, 250 దాటితే వాపు ఉండే అవకాశం ఎక్కువ. చికిత్స లక్ష్యంగా 2021లో వచ్చిన స్ట్రైడ్-2 అనే ఐబీడీ నిపుణుల మార్గదర్శకాలు 100 నుంచి 250 మధ్య హద్దును పెట్టాయి. అంకె ఆ మధ్యలో వస్తే మందు మార్చే ముందు కొన్ని వారాలాగి మళ్ళీ చేయించడం మంచిది, రోజు రోజుకూ అది ఊగుతుంది. కొలనోస్కోపీకి పేగు శుభ్రం చేసే మందు తాగకముందే నమూనా ఇచ్చేయండి.

గట్టునే చూసే పరీక్షలు

ఇవి ఎక్కువగా పరిశోధనశాలల్లో జరిగేవి. ఎవరైనా రాసిచ్చినా, ప్యాకేజీలో అమ్మినా ఇలా చదవండి.

ఎల్‌బీపీ అవతలి తడిని చూసేది. బ్యాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ అనే విషపదార్థాన్ని పట్టుకోవడానికి కాలేయం తయారుచేసే ప్రొటీన్ ఇది. ఎల్‌పీఎస్‌ను నేరుగా కొలవడం కష్టం: రక్తంలోని పదార్థాలు పరీక్షను అడ్డుకుంటాయి, ట్యూబులోనో సూదిలోనో ఉన్న కాస్త మురికికే తప్పుడు పాజిటివ్ వస్తుంది. ఎల్‌బీపీ స్థిరంగా ఉంటుంది గానీ అది కూడా సీఆర్‌పీ లాగే వాపుకు స్పందిస్తుంది. న్యుమోనియా వచ్చినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, కాలేయంలో కొవ్వు ఉన్నా పెరుగుతుంది. సీఆర్‌పీ, ఎల్‌బీపీ రెండూ కలిసి పెరిగితే ఎల్‌బీపీ కొత్తగా చెప్పేది తక్కువ.

ఐ-ఎఫ్‌ఏబీపీ కొట్టుకొచ్చిన మట్టి. చిన్నపేగు కణాలు పగిలితే రక్తంలోకి వచ్చే ప్రొటీన్. సుమారు 11 నిమిషాల్లోనే సగమైపోతుంది కనుక రక్తం తీసిన ఆ ఘడియ సంగతే చెబుతుంది. ఎండలో చేసిన పరుగు, బరువైన కసరత్తు దాన్ని పెంచుతాయి. కిడ్నీ దెబ్బతిన్నవారిలోనూ పేరుకుపోతుంది. పెద్దపేగులో ఇది చాలా తక్కువ, అందుకే అల్సరేటివ్ కోలైటిస్ ఉన్నవారికి ఐ-ఎఫ్‌ఏబీపీ మామూలుగా వస్తే సంతోషించడానికి ఏమీ లేదు.

సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం ఎంత గట్టు మిగిలిందో చెబుతుంది. పనిచేసే చిన్నపేగు కణాలే రక్తంలోని సిట్రులిన్‌లో ఎక్కువ భాగం తయారుచేస్తాయి. ఆరోగ్యవంతుల్లో లీటరుకు దాదాపు 30 నుంచి 50 మైక్రోమోల్స్ ఉంటుంది. ఆపరేషన్లతో పేగు బాగా పొట్టిదైనవారిలో 20 కన్నా తక్కువుంటే ఆహారం నోటి ద్వారా సరిపోదేమోనన్న అనుమానం బలపడుతుంది. క్రోన్స్‌కు రెండు మూడు ఆపరేషన్లు అయినవారికి ఇది నిజంగా పనికొచ్చే పరీక్ష. సిట్రులిన్‌ను ఖర్చుచేసేది కిడ్నీ కాబట్టి క్రియాటినిన్ పెరిగితే సిట్రులిన్ అబద్ధంగా ఎక్కువ కనిపిస్తుంది. అందుకే పైన క్రియాటినిన్‌ను చేర్చమన్నది.

జోన్యులిన్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే "లీకీ గట్" (కారే పేగు) పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే. ఇది టైట్ జంక్షన్లను వదులు చేసే ప్రొటీన్. అలెసియో ఫసానో బృందం 2000లో దీన్ని వర్ణించింది, 2009లో ఇది ప్రీ-హాప్టోగ్లోబిన్-2, అంటే హాప్టోగ్లోబిన్ అనే రక్త ప్రొటీన్‌కు ముందు రూపం, అని తేల్చింది. ఇబ్బంది అమ్మకపు కిట్లతో వచ్చింది. కొందరు పుట్టుకతో హాప్టోగ్లోబిన్ 1-1 రకం, వాళ్ళ ఒంట్లో ప్రీ-హాప్టోగ్లోబిన్-2 తయారే కాదు. అలాంటివారి రక్తంలోనూ కిట్లు "జోన్యులిన్" చూపించాయని 2018లో ప్రచురితమైన పరిశోధన బయటపెట్టింది. పరిశీలించిన కిట్లు పట్టుకుంటున్నది కాంప్లిమెంట్ సీ3, ప్రోపర్డిన్ వంటి వేరే రోగనిరోధక ప్రొటీన్లను. ఆ అంకెను చూసి గోధుమలు మానేయడం, పౌడర్లు కొనడం, అన్నిటికన్నా మించి కోలైటిస్‌కు వాడే మెసలమైన్ మందును ఆపేయడం చేయకండి.

రక్తం ఇచ్చే ముందు

పరగడుపున, 8 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా వెళ్ళండి, మంచినీళ్ళు తాగవచ్చు. ముందు రోజు కసరత్తు, మద్యం వద్దు. జలుబో జ్వరమో వచ్చి ఉంటే, డాక్టరు వెంటనే కావాలంటే తప్ప, రెండు వారాలు ఆగండి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు పేగు పొరను వదులు చేస్తాయి, కాల్‌ప్రొటెక్టిన్‌ను పెంచుతాయి. వేసుకుని ఉంటే ఫారం మీద రాయించండి. గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.

ల్యాబ్ మార్చకండి. సీఆర్‌పీకి యూనిట్ మార్చుకుంటే సరిపోతుంది గానీ ఎల్‌బీపీ, ఐ-ఎఫ్‌ఏబీపీలకు కిట్ కిట్‌కూ అంకె మారుతుంది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసే సీరం ఒకసారి, గడ్డకట్టనివ్వకుండా తీసే ప్లాస్మా ఇంకోసారి ఇచ్చినా పోలిక చెడుతుంది. ఒక పుస్తకంలో తేదీ, ల్యాబ్, యూనిట్, ఆ వారంలో రోజుకు ఎన్ని విరేచనాలు, రక్తం పడిందా, వేసుకున్న మందులు రాసుకోండి. బాగున్నప్పటి అంకెలు తప్పకుండా ఉండాలి. సీఆర్‌పీ మామూలుగా 1 ఉండే మనిషిలో 6 అంటే ఒక అర్థం, ఎప్పుడూ 6 ఉండేవారిలో ఇంకో అర్థం.

క్రోన్స్ అని ఇంకా ఖాయం కానివారు మన దగ్గర పేగు టీబీని మరవకూడదు. టీబీలోనూ సీఆర్‌పీ, కాల్‌ప్రొటెక్టిన్ పెరుగుతాయి, ఆల్బుమిన్ తగ్గుతుంది. క్రోన్స్ అనుమానంతో రక్తంలో చేసే ఆస్కా యాంటీబాడీ పరీక్ష కూడా రెంటినీ నమ్మకంగా విడదీయదు. కొలనోస్కోపీ, బయాప్సీ, స్కాన్ కావాల్సిందే. ఉన్నట్టుండి విరేచనాలు పెరిగితే అది వ్యాధి తిరగబెట్టడమే అనుకోకుండా ఇన్‌ఫెక్షన్ కోసం, ముఖ్యంగా సీ. డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా కోసం మలం పరీక్ష అడగండి.

పొరను నేరుగా చూసే దారి ఎండోస్కోపీలో ఉంది. జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు రంగు ఎక్కించి, లేజర్ సూక్ష్మదర్శినితో కణాల మధ్య కారడాన్ని చూశారు. పైకి పేగు మానినట్టు కనిపించడం కన్నా పొర నిజంగా బిగుసుకోవడమే ముందు ముందు వ్యాధి ఎలా నడుస్తుందో బాగా చెబుతుందని 2023లో ప్రచురించారు. రక్తంలో ఆ పని చేసే పరీక్ష ఇప్పటికి లేదు.

కోలైటిస్ ఉన్నవారికి రోజుకు 6 లేదా అంతకన్నా ఎక్కువసార్లు రక్త విరేచనాలు అవుతూ, దానితోపాటు నాడి 90 దాటినా, జ్వరం 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, హిమోగ్లోబిన్ 10.5 కన్నా దిగినా, సీఆర్‌పీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటినా ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి. నాడి, జ్వరం ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆ రెంటిలో ఏ ఒక్కటి దాటినా రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా బయలుదేరండి.