ల్యాబ్ రిజల్ట్ నేరుగా క్లినిక్ కంప్యూటర్‌లోకి రావాలంటే

ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌నీ డాక్టర్ల క్లినిక్ సాఫ్ట్‌వేర్‌నీ కలపడం నా పని. ఎక్కడికి వెళ్లినా డాక్టర్లు మొదట అడిగేది ఒకటే: "సెక్యూర్‌గానే ఉంటుంది కదండీ?" వాళ్ల టెన్షన్ హ్యాకర్ల గురించి. నా టెన్షన్ ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్ల గురించి, సెలవు మీద వెళ్లిన డాక్టర్ గురించి, ల్యాబ్ సరిదిద్ది మళ్లీ పంపిన పొటాషియం రిపోర్టు గురించి. మెసేజ్‌ని దారిలో ఎవరూ చదవకుండా చేయడానికి పద్ధతులు ఎప్పుడో స్థిరపడ్డాయి. ఆ రిజల్ట్ ఎవరి ఫైల్లో పడాలో అక్కడే పడి, చూడాల్సిన డాక్టర్ దాన్ని చూసేదాకా ఉన్న వ్యవహారమే ఎక్కువ టైమ్ తింటుంది. అందుకే ఈ గైడ్‌లో కూడా ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోకండి. డాక్టర్, నర్సు, ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునే మనిషి, ముగ్గురినీ కూర్చోబెట్టి ఇప్పుడు రిపోర్టులు ఎలా వస్తున్నాయో అడగండి. కాగితం మీదా, ఈమెయిల్‌లో పీడీఎఫ్‌గానా, వాట్సాప్‌లో ఫోటోగానా? వచ్చినదాన్ని మొదట ఎవరు తెరుస్తారు, డాక్టర్ చూసినట్టు గుర్తు ఎక్కడ పెడతారు? ఫ్రంట్ డెస్క్ మనిషి చెప్పేది శ్రద్ధగా రాసుకోండి. పద్ధతి ఎలా ఉండాలో డాక్టర్ చెప్తారు, నిజంగా ఎలా జరుగుతోందో డెస్క్ దగ్గరి మనిషికే తెలుసు. వాట్సాప్ ఎన్‌క్రిప్టెడే కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దారిలో ఎన్‌క్రిప్టెడే. దిగాక మాత్రం ఆ ఫోటో డాక్టర్ గారి ఫోన్ గ్యాలరీలో పెళ్లి ఫోటోల పక్కన కూర్చుంటుంది, ఫోన్ బ్యాకప్‌లోకి పోతుంది, పేషెంట్ ఫైల్లోకి మాత్రం చేరదు.

తర్వాత ల్యాబ్‌కి రాతపూర్వకంగా కొన్ని ప్రశ్నలు పంపండి. మెసేజ్ ఏ ఫార్మాట్, ఏ వెర్షన్? ఏ దారిన పంపుతారు? టెస్ట్ సర్వర్ ఉందా? సరిదిద్దిన రిజల్ట్‌ని ఎలా పంపుతారు? మెసేజ్ ఆగిపోతే రాత్రిపూట ఫోన్ ఎత్తేది ఎవరు? చివరి ప్రశ్నకి జవాబుగా ఒక ఫోన్ నంబర్ రావాలి. "మా సపోర్ట్ టీమ్ చూసుకుంటుంది" అంటే అది జవాబు కాదు.

ఫార్మాట్ చాలా చోట్ల హెచ్ఎల్7 (HL7, ఆసుపత్రుల, ల్యాబ్‌ల సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రామాణిక పద్ధతి) రెండో వెర్షనే అయి ఉంటుంది. హెచ్ఎల్7 సంస్థ 1987లో మొదలైంది. దాని తర్వాతి తరం పద్ధతి ఫైర్ (FHIR) ఇప్పుడు అందరి నోటా ఉన్నా, ల్యాబ్ రిజల్ట్స్‌ని ఇప్పటికీ ఎక్కువగా మోస్తున్నది ఆ పాత రెండో వెర్షనే. రిజల్ట్ మెసేజ్‌ని ఓఆర్‌యూ అంటారు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవడం నేర్చుకోండి, పెద్ద విద్యేమీ కాదు. ఎంఎస్‌హెచ్ లైన్‌లో ఎవరు ఎవరికి పంపారో, పీఐడీ లైన్‌లో పేషెంట్ వివరాలు, ఓబీఆర్ లైన్‌లో ఏ టెస్ట్ ఆర్డర్ చేశారో, ఒక్కో ఓబీఎక్స్ లైన్‌లో ఒక్కో విలువ ఉంటాయి. ఓబీఎక్స్‌లో పదకొండో గడి ఆ రిజల్ట్ స్థితి చెప్తుంది: పీ అంటే ఇంకా తుదిది కాదు, ఎఫ్ అంటే తుది రిజల్ట్, సీ అంటే సరిదిద్దినది. ఈ ఒక్క అక్షరం సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

దారికి తాళం

హెచ్ఎల్7 మెసేజ్‌ని మోసే పాత పద్ధతి ఎంఎల్ఎల్‌పీ. మెసేజ్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టడం తప్ప అది ఏ రక్షణా ఇవ్వదు. పేరు, పుట్టిన తేదీ, రిజల్ట్ అన్నీ దారిలో ఎవరైనా చదవగలిగేలా పోతాయి. కాబట్టి దాని చుట్టూ టీఎల్‌ఎస్ (దారిలో పోయేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఉండాలి, లేదా రెండు చోట్ల మధ్య వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేటు దారి) ఉండాలి. టీఎల్‌ఎస్ అయితే 1.2 కంటే పాతది ఒప్పుకోకండి, 1.3 ఉంటే అదే పెట్టండి. సర్టిఫికెట్ (కంప్యూటర్‌కి గుర్తింపు కార్డు లాంటిది) ల్యాబ్ వైపు మాత్రమే ఉంటే చాలదు, రెండు వైపులా ఉంచి ఒకరినొకరు తనిఖీ చేసుకునేలా పెట్టండి. మెసేజ్‌లు అందుకోవడానికని క్లినిక్ రూటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే తలుపు) తెరిచి ఇంటర్నెట్ మొత్తానికి వదిలేయకండి. క్లినిక్ నుంచే బయటికి కనెక్షన్ వెళ్లి మెసేజ్‌లు తెచ్చుకునే ఏర్పాటు ఉంటే అది మేలు. లేకపోతే ల్యాబ్ ఐపీ అడ్రస్‌కి మాత్రమే అనుమతి ఇవ్వండి.

టెస్టింగ్ సమయంలో ఏదో అడ్డం వచ్చిందని సర్టిఫికెట్ తనిఖీని ఆపేసి, తర్వాత మళ్లీ ఆన్ చేయకుండా వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. పాత క్లినిక్‌లకి వెళ్లినప్పుడు నేను ముందు చూసేది అదే. సర్టిఫికెట్ గడువు తేదీని ఇద్దరి క్యాలెండర్లలో పెట్టండి, నెల ముందు గుర్తు చేసేలా. అన్నీ బాగా నడుస్తున్న రోజున రిజల్ట్స్ ఉన్నట్టుండి ఆగిపోతే, చాలాసార్లు కారణం ఈ గడువే.

ఒక కంత గురించి ఎవరూ మాట్లాడరు: లాగ్ ఫైళ్లు. మెసేజ్‌లు అందుకునే ప్రోగ్రామ్ వచ్చిన ప్రతిదాన్నీ ఒక ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్‌గా దాచుకుంటూ పోతుంది. దారంతా ఎన్‌క్రిప్షన్ పెట్టి, ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి పేషెంట్ల రిజల్ట్స్ తాళం లేని ఫోల్డర్‌లో ఉంచినట్టు. పైగా సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు "లాగ్ ఫైల్ మెయిల్ చేయండి, చూస్తాం" అంటే ఎవరో అమాయకంగా మొత్తం పంపేస్తారు. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేయండి, ఫోల్డర్‌ని అవసరమైనవాళ్లకే తెరవండి, పాత లాగ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా గడువు పెట్టండి. బయటికి పంపాల్సి వస్తే పేర్లు, నంబర్లు తీసేశాకే పంపండి.

ఎవరి రిజల్ట్ ఎవరి ఫైల్లోకి

నన్ను అడిగితే ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే. వచ్చిన మెసేజ్ ఏ పేషెంట్‌దో కంప్యూటర్ తేల్చుకోవాలి. పేరు ఒక్కటే చూసి జత చేసే సెట్టింగ్ ఉంటే ఆ క్షణమే ఆపేయండి. ఇంటిపేరు ముందో వెనకో, మధ్యలో స్పేస్ ఉందో లేదో, పెళ్లయ్యాక మారిందో, ఒకే పేరుని పది రకాలుగా రాస్తారు. పుట్టిన తేదీ కలిపినా పూర్తి భరోసా లేదు. తేదీ తెలియనివాళ్లకి డెస్క్‌లో జనవరి 1 అని కొట్టేస్తారు. కవల పిల్లలకి పుట్టిన తేదీ, ఇంటిపేరు, అడ్రస్, ఫోన్ నంబర్ అన్నీ ఒకటే. అప్పుడే పుట్టిన బిడ్డకి పేరే ఉండదు, తల్లి పేరు మీద శాంపిల్ వెళ్తుంది.

అన్నిటికంటే నమ్మకమైనది ఆర్డర్ నంబర్. డాక్టర్ టెస్ట్ రాసినప్పుడు క్లినిక్ సాఫ్ట్‌వేర్ ఒక నంబర్ ఇస్తుంది. ఆ నంబర్ ఆర్డర్‌తోపాటు ల్యాబ్‌కి వెళ్లి, రిజల్ట్‌లో ఓబీఆర్ రెండో గడిలో తిరిగి రావాలి. ఆ నంబర్ కలిసి, పేషెంట్ ఐడీ, పుట్టిన తేదీ కూడా కలిస్తే ఆటోమేటిక్‌గా ఫైల్లో వేయనివ్వండి. ఒక్కటి తేడా వచ్చినా మనిషి చూసే క్యూలోకి పోవాలి. ల్యాబ్‌వాళ్లు ఆ నంబర్‌ని తిరిగి పంపలేం అంటే అంత సులువుగా వదలకండి, గట్టిగా అడగండి.

ఆ క్యూకి ఒక యజమాని ఉండాలి. "ఎవరో ఒకరు చూస్తారు" అన్న క్యూని ఎవరూ చూడరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫలానా మనిషి తెరవాలి, ఆ మనిషి రాకపోతే ఫలానా వారు తెరవాలి అని పేర్లతో రాసి పెట్టండి.

కోడ్‌లు, యూనిట్లు

ఒకే టెస్ట్‌ని ఒక్కో ల్యాబ్ ఒక్కో పేరుతో పిలుస్తుంది. అందుకే ఒక్కో టెస్ట్‌కి అందరికీ ఒకే కోడ్ ఉండేలా లాయింక్ (LOINC) కోడ్‌లు వచ్చాయి. అమెరికాలోని రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ వాటిని 1994లో మొదలుపెట్టింది. రక్తంలో హిమోగ్లోబిన్‌కి 718-7, అలా. ల్యాబ్ తన సొంత కోడ్‌లే పంపుతుంటే, క్లినిక్ ఎక్కువగా రాసే టెస్టుల వరకైనా జత చేసే పట్టిక తయారుచేసి డాక్టర్‌తో సరిచూపించండి. అది మనలాంటి కంప్యూటర్ మనుషులు ఒంటరిగా చేయాల్సిన పని కాదు.

యూనిట్ల దగ్గర మరింత జాగ్రత్త. గ్లూకోజ్ ఒక ల్యాబ్ నుంచి డెసీలీటరుకు 90 మిల్లీగ్రాములని, ఇంకో ల్యాబ్ నుంచి లీటరుకు 5 మిల్లీమోల్స్ అని రావచ్చు. రెండూ ఒకే సంగతి, మధ్యలో ఉన్నది 18 రెట్ల తేడా. సాఫ్ట్‌వేర్ యూనిట్ చూడకుండా రెండిటినీ ఒకే గ్రాఫ్‌లో గీస్తే, నిక్షేపంగా ఉన్న మనిషికి షుగర్ పాతాళానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. ప్రతి విలువ పక్కన యూనిట్, ఆ ల్యాబ్ ఇచ్చిన నార్మల్ రేంజ్ కనిపించాల్సిందే.

టెస్ట్ చేసేటప్పుడు చెడగొట్టి చూడండి

నార్మల్ రిజల్ట్ ఒకటి పంపి, వచ్చింది కదా అని చేతులు దులుపుకోకండి. అలాంటిది ఎప్పుడూ వస్తుంది. ఉత్తుత్తి పేషెంట్లని తయారుచేసి ఈ తిక్క కేసులు పంపమనండి: ప్రమాదకరంగా ఎక్కువున్న పొటాషియం, సగం టెస్టులే పూర్తయిన ప్యానెల్ (కలిపి రాసే టెస్టుల గుంపు), రెండు పేజీల కల్చర్ రిపోర్టు, "0.01 కంటే తక్కువ" అని అంకె కాకుండా వచ్చే విలువ, క్లినిక్‌లో లేని పేషెంట్, ఒకే మెసేజ్ రెండుసార్లు. ప్రతిదానికీ ల్యాబ్ ప్రింట్ చేసిన కాగితం పక్కన పెట్టుకుని స్క్రీన్‌తో అక్షరం అక్షరం పోల్చండి, నర్సు చదువుతుంటే మీరు టిక్ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది సరిదిద్దిన రిజల్ట్. మొదట ఎఫ్ అని పొటాషియం 6.8 పంపించి, డాక్టర్ చూసినట్టు గుర్తు పెట్టాక, సీ అని 4.1 పంపమనండి. కొత్తది పాతదాని స్థానంలోకి నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఒప్పుకోవద్దు. అది మళ్లీ డాక్టర్ ఇన్‌బాక్స్‌లోకి కొత్తగా రావాలి, సరిదిద్దినది అని స్పష్టంగా కనపడాలి, పాత విలువ కూడా చరిత్రలో ఉండాలి.

ఆ తర్వాత మెసేజ్‌లు వస్తుండగా నెట్ కేబుల్ పీకేయండి. ప్రతి మెసేజ్‌కీ క్లినిక్ వైపు నుంచి జవాబు వెళ్తుంది: ఏఏ అంటే తీసుకున్నాం, ఏఈ అంటే లోపం ఉంది, ఏఆర్ అంటే తిరస్కరించాం. మెసేజ్ డిస్క్ మీద భద్రంగా రాసుకున్నాకే ఏఏ వెళ్లాలి. ముందే పంపేసి, మధ్యలో కరెంట్ పోతే, ల్యాబ్ దృష్టిలో చేరినట్టు, క్లినిక్‌లో లేనట్టు. కేబుల్ మళ్లీ పెట్టాక ఆగినవన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టండి.

ఏఏ అంటే కంప్యూటర్‌కి అందిందని మాత్రమే. డాక్టర్ చూశారని కాదు. ల్యాబ్‌తో ఒప్పందం రాసేటప్పుడు ఈ వాక్యం అందులో ఉండేలా చూడండి. ప్రాణం మీదికి వచ్చే రిజల్ట్‌కి ఫోన్ చేసే పద్ధతి ల్యాబ్ ఎప్పటిలాగే కొనసాగించాలి. మెసేజ్ పంపాం కదా అని ఫోన్ మానేస్తామంటే ఒప్పుకోకండి.

క్లినిక్ లోపల: ప్రతి మనిషికీ సొంత లాగిన్, రెండంచెల తనిఖీ, ఎవరు ఏ ఫైల్ తెరిచారో రికార్డు. మానిటర్‌కి అంటించిన కాగితం మీద అందరూ వాడే పాస్‌వర్డ్ ఉంటే మిగతాదంతా వృథా. డాక్టర్ సెలవులో ఉంటే ఇన్‌బాక్స్ ఎవరికి మళ్లాలో సెట్టింగ్‌లోనే పెట్టండి, నోటిమాటగా వదలొద్దు.

రెండు జాబితాలు తప్పకుండా పెట్టించండి. టెస్ట్ రాసి, అనుకున్న గడువు దాటినా రిజల్ట్ రానివి ఒకటి. వచ్చి కూడా ఎవరూ తెరవనివి రెండోది. వీటితోపాటు, క్లినిక్ తెరిచి ఉన్న వేళ సగం రోజు ఒక్క మెసేజ్ కూడా రాకపోతే అలారం మోగాలి. లైన్ తెగితే స్క్రీన్ మీద ఎర్ర గుర్తు ఏదీ కనపడదు, ఈరోజు రిపోర్టులు తక్కువున్నాయని అందరూ అనుకుంటారు.

కాగితాన్ని మొదటి రోజే ఆపకండి. కొన్నాళ్లు రెండూ నడపండి, రోజూ వచ్చిన కాగితాలని స్క్రీన్‌తో సరిపోల్చండి. ఎన్నాళ్లు అంటే వారాల లెక్క నేను చెప్పను. ఒక సరిదిద్దిన రిజల్ట్, ఒక ప్రమాదకరమైన రిజల్ట్, ఒక సెలవు రోజు, ఈ మూడూ నిజంగా ఎదురై తప్పు లేకుండా దాటేదాకా నడపండి. కాగితం ఆపాక కూడా, ల్యాబ్ కొత్త మెషిన్ తెచ్చినా, కోడ్ మార్చినా, క్లినిక్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినా, పైన చెప్పిన తిక్క కేసులన్నీ మళ్లీ పంపించి చూడాల్సిందే. ఆ టెస్ట్ పేషెంట్లని చెరిపేయకుండా ఉంచుకోండి.