ఇంట్లో అమ్మే చేనేత చీరకు ఫోన్‌తో మంచి ఫొటో తీయడం ఎలా?

మా పిన్ని ఇంటి దగ్గరే చేనేత చీరలు అమ్ముతుంది. పోయిన ఏడాది ఒక పార్శిల్ వెనక్కి వచ్చింది. మంగళగిరి కాటన్, నిజాం అంచు, మంచి వంకాయ రంగు. కొన్నావిడ ఫోన్ చేసి, "ఫొటోలో నీలం చూసి తీసుకున్నానండీ" అంది. ఆవిడ తప్పేమీ లేదు. రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద హడావిడిగా నేను తీసిన ఫొటో అది. చీరను చేత్తో పట్టుకుని చూసే వీలు లేనివాళ్లకు మనం చూపించేది ఫొటో ఒక్కటే. అందుకే అందంగా ఉండటం కంటే ముందు అది నిజంగా ఉండాలి.

మొదట వెలుగు చూసుకోండి. కెమెరా ఖరీదు కంటే ఇదే ముఖ్యం. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన చీర పెట్టి, గదిలో లైట్లన్నీ ఆపేయండి. పగటి వెలుగుది ఒక ఛాయ, బల్బుది ఇంకో ఛాయ. రెండూ కలిస్తే తెలుపు ఏదో ఫోన్ సరిగ్గా పట్టుకోలేదు, రంగులన్నీ పక్కకు జరుగుతాయి. గోడ రంగు కూడా చీర మీద పడుతుంది. లేత ఆకుపచ్చ గోడ పక్కన పెడితే క్రీమ్ రంగు చీరకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. తెల్ల గోడ లేకపోతే వెనక తెల్ల దుప్పటి కట్టండి. కిటికీకి ఎదురు వైపు ఒక థర్మోకోల్ షీట్ నిలబెడితే ఆ పక్క నీడ తేలికవుతుంది.

చీరను ఇస్త్రీ చేయండి. జరీ ఉన్నచోట పైన పల్చటి గుడ్డ వేసి చేయాలి. ఫోన్ లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. చేతి జిడ్డు అంటుకున్న లెన్స్‌తో ఎంత బాగా తీసినా ఫొటో మసకగానే వస్తుంది.

ఇక తీయడం. దగ్గరగా నిలబడి తీస్తే నిలువు అంచు వంగినట్టు కనిపిస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ జూమ్ పెట్టండి. ఫిల్టర్లు, వివిడ్ లాంటి మోడ్‌లు తీసేయండి. ఫ్లాష్ అసలు వద్దు, జరీ తెల్లటి మరకలా వెలిగిపోతుంది. పక్క నుంచి వెలుగు పడితేనే జరీ మెరుపు తెలుస్తుంది.

స్క్రీన్ మీద చీరను తాకితే సూర్యుడి గుర్తు వస్తుంది కదా, దాన్ని వాడటం నేర్చుకోండి. ఎదురుగా ఏమున్నా ఫోన్ దాన్ని మధ్యరకం వెలుతురుకు తేవాలని చూస్తుంది. అందుకే తెల్ల చీర మాసినట్టు, నల్ల చీర బూడిద రంగులో వస్తాయి. తెల్లదానికి వెలుతురు కొంచెం పెంచాలి, నల్లదానికి తగ్గించాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మొదటి ఫొటో తీయగానే ఫోన్‌ను చీర పక్కన పెట్టి పోల్చండి. రంగు తేడాగా ఉంటే ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే సెట్టింగ్) జరుపుతూ కలిసేదాకా చూడండి. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే దాంట్లోనూ చూడండి, ఒక్కో స్క్రీన్ ఒక్కోలా చూపిస్తుంది. వంకాయ రంగు, ముదురు మెరూన్, కనకాంబరం రంగు బాగా ఇబ్బంది పెడతాయి. ఎంతకీ కుదరకపోతే ఫొటో కింద మాటల్లో రాసేయండి: "అసలు రంగు వంకాయ, ఫొటోలో కాస్త నీలంగా ఉంది." ఇలా రాస్తే అమ్మకం పోతుందని భయపడొద్దు. నెమలికంఠం లాంటి డబుల్ షేడ్ చీరల సంగతి వేరు. పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డపోగులు) ఒక రంగు కాబట్టి మడత తిరిగేకొద్దీ రంగు మారుతుంది. వాటికి పది సెకన్ల వీడియో తీసి పెట్టడమే మేలు.

ఒక్కో చీరకు చీర మొత్తం, కొంగు, బ్లౌజ్ ముక్క కనిపించే ఫొటోలు కావాలి. అంచు పక్కన టేపు పెట్టి తీస్తే ఎన్ని అంగుళాలో ఎవరూ అడగక్కర్లేదు. హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే దానికీ ఒకటి తీయండి. చిన్న గళ్ల చీరల్లో అలల్లాంటి గీతలు వస్తే కొంచెం జరిగి, కోణం మార్చి మళ్లీ తీయండి.

నేను ఎక్కువ సమయం పెట్టేది నేత దగ్గరి ఫొటోకే. పోచంపల్లి ఇక్కత్ సంగతే తీసుకోండి. 2005లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే గుర్తింపు) వచ్చిన ఈ నేతలో నూలును ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. అందుకే డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు, ఈకల్లా కొంచెం చెదిరి ఉంటాయి. మామూలు ప్రింటు బట్టలో అంచు తీరుగా ఉంటుంది, వెనక వైపు వెలిసినట్టు కనిపిస్తుంది. ఇక్కత్‌లో వెనక కూడా దాదాపు ముందులాగే ఉంటుంది. చీర మూల ఒకటి వెనక్కి మడిచి, రెండు వైపులూ కనిపించేలా తీయండి. "ఒరిజినల్ హ్యాండ్లూమ్" అని పెద్ద అక్షరాల్లో రాసేకంటే ఈ ఒక్క ఫొటో గట్టిగా చెబుతుంది. నూలు పోగులో చిన్న ఉండ కనిపించినా చెరిపేయకండి, చేతి నేతలో అది ఉంటుంది.

కట్టుకున్న ఫొటో కూడా ఒకటి ఉండాలి. కుచ్చిళ్లు ఎలా పడతాయో మడతపెట్టిన చీరలో తెలియదు. ఇంట్లోవాళ్లు ముఖం వద్దంటే మెడ నుంచి కిందకి తీయండి. మగ్గం దగ్గర తీసేటప్పుడు నేతన్నను ముందే అడిగి, ఫొటో ఎక్కడ పెడతారో చెప్పండి. ఇంకొకరి ఫొటోలు తెచ్చి వాడొద్దు. తీసినవాళ్ల హక్కు అది, పైగా ఆ చీర మీ దగ్గర ఉండదు.

అన్ని చీరలకూ అదే గోడ, అదే కోణం, అదే సైజు ఉంచండి. ఇన్‌స్టాగ్రామ్‌కు 1080 × 1350 బాగుంటుంది. కొన్నాళ్లకు పేరు చూడకుండానే ఇది ఫలానావాళ్ల చీర అని గుర్తుపడతారు. మీ పేరు మూలన చిన్నగా చాలు, డిజైన్ మీద అడ్డంగా వేయొద్దు. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే నేత వివరమంతా నలిగిపోతుంది.

ప్రతి ఫొటోకు ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు చీటీ చీరకు కట్టండి. ఆర్డర్ వచ్చాక ప్యాక్ చేసే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మా పిన్ని ఇప్పుడు ఏ చీరనైనా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఫొటోతో పోల్చుకున్నాకే పార్శిల్ కడుతుంది.