18471852ని చేత్తో కారణాంకాలుగా విడగొట్టడం

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాస్తే 18471852: కోటీ ఎనభై నాలుగు లక్షల డెబ్బై ఒక్క వేల ఎనిమిది వందల యాభై రెండు. కాలిక్యులేటర్ లేకుండానే దీని ప్రధాన కారణాంకాలు దొరుకుతాయి. చిన్న అంకెల నుంచి వరసగా వెళ్లాలి, అంతే.

చివరి రెండంకెలు 52, కాబట్టి 4తో పోతుంది. చివరి మూడు 852, అది 8తో పోదు. అంకెల మొత్తం 36, కాబట్టి 9తో పోతుంది. 36తో భాగిస్తే 513107 మిగులుతుంది. దీని అంకెల మొత్తం 17, అంటే 3 పని అయిపోయింది.

ఇక 7, 11, 13. ఈ మూడింటి లబ్ధం 1001 కాబట్టి మూడింటికీ ఒకే పరీక్ష చాలు: సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి తేడా చూడాలి. 513 − 107 = 406. ఇది 7 × 58; 11తో పోదు, 13తో పోదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మనకు అలవాటైన లక్షల కామాలు పెట్టి 5,13,107 అని రాసి, ఆ ముక్కలతోనే 107 − 13 + 5 చేస్తారు. 99 వస్తుంది. దాంతో ఉన్న 7 జారిపోతుంది, లేని 11 వచ్చి చేరుతుంది. ఈ పరీక్షకు ముందు కామాలు చెరిపేయండి.

513107 ÷ 7 = 73301. మళ్లీ 7తో భాగిస్తే శేషం 4. 17తో శేషం 14, 19తో 18. 23తో నిశ్శేషంగా పోయి 3187 వస్తుంది.

3187 ప్రధాన సంఖ్యేనా? 56 వర్గం 3136, 57 వర్గం 3249. రెండు కారణాంకాలుంటే ఒకటైనా 56 దాటకూడదు. 19 వరకు ముందే చూశాం కనుక 23, 29, 31, 37, 41, 43, 47, 53 మాత్రమే మిగిలాయి. శేషాలు వరసగా 13, 26, 25, 5, 30, 5, 38, 7. ఒక్కటీ సున్నా కాదు, కాబట్టి ప్రధానమే. 23ని రెండోసారి చూడడం మాత్రం మరవద్దు.

18471852 = 2² × 3² × 7 × 23 × 3187

ముందు 7తో మొదలుపెట్టినా, 23తో మొదలుపెట్టినా చివరికి తేలేవి ఇవే. నీరు ఏ కాలువలోంచి మళ్లినా ఆఖరికి బోదెల్లోకే చేరినట్టు.

సరిచూడడానికి అంకెల మొత్తం పనికిరాదు. 9 గుణిజం కాబట్టి, 9 కారణాంకంగా ఉన్న ఏ తప్పు లబ్ధమైనా ఆ పరీక్ష నెగ్గేస్తుంది. 11తో చూడండి. 2² × 3² × 7 అంటే 252; దానికి శేషం 10, 23కి 1, 3187కి 8; 10 × 1 × 8 = 80, దాని శేషం 3. అసలు సంఖ్యలో కుడి నుంచి 2−5+8−1+7−4+8−1 = 14, శేషం 3. సరిపోయింది.

ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 3×3×2×2×2 = 72 భాజకాలు, 1నీ ఆ సంఖ్యనీ కలుపుకుని. వాటి మొత్తం (1+2+4)×(1+3+9)×(1+7)×(1+23)×(1+3187), అంటే 7×13×8×24×3188 = 55700736. దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయడం కుదరదు: అలా కుదరాలంటే 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రతి ప్రధాన కారణాంకమూ సరిసంఖ్య సార్లు ఉండాలి; అలాంటి 7 ఒక్కసారే ఉంది, ఆ ఒక్క కారణమే చాలు.