మగపిల్లల గురుకులంలో ఆటల క్లబ్బులు ఏడాదంతా నడవాలంటే

గోదావరి డెల్టాలో హాస్టల్ ఉన్న మగపిల్లల బడికి మీరు కొత్తగా పీఈటీగా వచ్చినా, వార్డెన్‌గా ఉంటూ ఆటల బాధ్యత మీమీద పడినా, ముందు ఒక్కటి తేల్చుకోండి. క్లబ్బు అంటే స్కూల్ టీమ్ కాదు. కబడ్డీ టీమ్‌లో పన్నెండు మంది ఉంటారు, బడిలో వందల మంది ఉంటారు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరింటిదాకా ఆ మిగతావాళ్లంతా గట్టు మీద కూర్చుని చూస్తుంటే మీరు నడిపేది టీమే. ఇంటి దగ్గర ఉండే పిల్లాడికి బళ్లో ఆట దొరక్కపోయినా వీధిలో దొరుకుతుంది, హాస్టల్ పిల్లాడికి మాత్రం మీరిచ్చే ఆ గంటన్నరే.

జూన్‌లో బడి తెరవగానే పేర్లు రాయించుకోవద్దు. ఆరో తరగతిలో కొత్తగా చేరినవాడు ఇంటి మీద బెంగతో ఉంటాడు, పక్క మంచం వాడు ఏ ఆట చెబితే వాడూ అదే చెబుతాడు. ఒక నెల అందరినీ అన్ని ఆటల్లోనూ తిప్పండి, ఆ తర్వాత ఒక్కొక్కణ్ణీ విడిగా పిలిచి మొదటి ఇష్టం, రెండో ఇష్టం అడగండి. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, పరుగులు-దూకుళ్లు, బాల్ బ్యాడ్మింటన్, చెస్-క్యారమ్స్, ఈ ఆరు చాలు. క్రికెట్ క్లబ్బు పెట్టమని గొడవ చేస్తారు, కానీ ఒక్క మ్యాచ్‌కి గ్రౌండ్ అంతా పోతుంది, ఆడేది ఇరవై రెండు మంది, అందులో బంతి తగిలేది సగం మందికి. ఆదివారం ఆడుకోనివ్వండి, అంతవరకే.

షటిల్ కూడా అడుగుతారు, అడగాలి కూడా, మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ బంగారు పతకం తెచ్చాక అడగకుండా ఎందుకుంటారు. ఇండోర్ హాలు ఉంటే తప్పకుండా పెట్టండి. లేకపోతే మాత్రం కోనసీమ గాలికి 5 గ్రాముల షటిల్ ఎటు పోతుందో తెలియదు, పిల్లలు విసుగొచ్చి మానేస్తారు. ఆరుబయట అయితే బాల్ బ్యాడ్మింటన్ నయం. ఉన్ని బంతి గాలికి అంతగా కొట్టుకుపోదు, జట్టుకి ఐదుగురు కాబట్టి ఒక్కో కోర్టులో పది మంది ఆడతారు. తడిస్తే మాత్రం ఉన్ని బరువెక్కుతుంది, వాన రోజుల్లో బంతులు తీయకండి.

ఇక నేల సంగతి. మనది ఒండ్రు నేల, చాలాచోట్ల బంకమట్టి, రెండు జల్లులు పడితే చెప్పు దిగబడుతుంది, ఎండితే బీటలిచ్చి మడమలు మెలిపెడుతుంది. గ్రౌండ్ అంతా బాగుచేసే డబ్బు ఏ బడికీ ఉండదు కాబట్టి ఒక్క కబడ్డీ కోర్టు ఎంచుకోండి. పెద్దవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. దానికి చుట్టూ రెండు మూడు మీటర్లు కలుపుకుని, మిగతా గ్రౌండ్ కంటే జానెడు ఎత్తు చేసి, పైన ఇసుక కలిపిన మట్టి పరిచి, నీళ్లు పోయేలా పక్కన బోదె తీయించండి. వాన తెరిపిచ్చిన సాయంత్రం ఆడుకోవడానికి మీకు మిగిలేది ఆ ఒక్క చోటే. వాలీబాల్ నెట్‌కి సరుగుడు గుంజలు చాలు, కానీ వాటికి మూడు నాలుగు ఎత్తుల్లో కొక్కేలు కొట్టించండి. మగవాళ్ల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆరో తరగతి వాడు దాని కింద నిలబడి ఏం కొడతాడు? చిన్నవాళ్ల రోజున దించితే వాళ్లకీ ఆట వస్తుంది.

జూలై, ఆగస్టుల్లో మీ ప్లాన్ సగం చెడుతుందని ముందే అనుకోండి. వాన ఆడనివ్వని రోజు చెస్-క్యారమ్స్ క్లబ్బు పిల్లలే మిగతా అందరికీ నేర్పాలి, ఆ రోజు గురువులు వాళ్లు. డార్మిటరీ వరండాలో కబడ్డీ పిల్లలకి కూత పెట్టే ప్రాక్టీస్ చేయించవచ్చు. ఊపిరి తీయకుండా, మాట తెగకుండా 30 సెకన్ల రైడ్ అంతా కూత నిలపడం చాలామందికి రాదు. ఉరుము వినిపిస్తే మాత్రం వెంటనే అందరినీ పక్కా భవనంలోకి పంపండి, కొబ్బరి చెట్ల కిందికి పోనివ్వకండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా గ్రౌండ్‌లోకి వదలొద్దు.

వరద రోజుల్లో ఇంకో విషయం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే నది మధ్య ఉండే లంక గ్రామాల పిల్లలకి టెన్షన్ మొదలవుతుంది, 13 లక్షలకి రెండోది ఇచ్చారంటే ఇక వాళ్ల చూపు ఆట మీద ఉండదు. ఆ సాయంత్రాలు ముందు ఇంటికి ఫోన్ చేయించండి, ఆ తర్వాతే విజిల్. ఆడనన్నవాణ్ణి బలవంతపెట్టకండి, స్కోరు రాయమని పక్కన కూర్చోబెట్టుకోండి.

కాలువ ఈత గురించి నేను కచ్చితంగా చెబుతాను: కాలువలో ఈత క్లబ్బు వద్దు. ఇక్కడి పిల్లలకి కాలువ కొత్త కాదు, ఆ ధైర్యమే ప్రమాదం. లాకుల దగ్గర, తూముల దగ్గర నీళ్లు కిందనుంచి లాగుతాయి, ఒడ్డున బురదకి కాలు జారుతుంది. లైఫ్ జాకెట్లు, నేర్పే మనిషి, లోతు తెలిసిన కొలను ఈ మూడూ ఉంటేనే ఈత. ఆటలయ్యాక కాళ్లు కడుక్కోవడానికి కూడా కాలువకి పంపకుండా కుళాయి దగ్గరే కడిగించండి, లోపలికి పోయేటప్పుడు తల లెక్క చూసుకోండి.

హాస్టల్‌లో ఆటని చెడగొట్టేది బెణుకులకంటే తామర, గజ్జి. తడి నిక్కరుతోనే స్టడీ అవర్‌లో కూర్చోవడం, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడటం, ఉతికినవి వాన రోజుల్లో ఆరకపోవడం, ఇవే కారణాలు. ఎవరి నిక్కరు వాళ్లదే, పేరు కుట్టించండి, ఆట అవగానే స్నానం. దోక్కుపోయిన మోకాలికి కట్టు లేకుండా బురదలోకి దించొద్దు.

మండల స్థాయి సెలెక్షన్లు వానల్లోనే వచ్చిపడితే కంగారు పడకండి. అండర్ 14, అండర్ 17 పిల్లల పుట్టినతేదీ కాగితాలు, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్ నకళ్లు జూలైలోనే ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆట బాగా వచ్చిన పిల్లాడు కాగితం లేక ఆగిపోవడం చూస్తే మనసు ఊరుకోదు. టీమ్‌కి వెళ్లినవాడు తిరిగొచ్చాక వారానికి ఒక రోజు క్లబ్బు చిన్నవాళ్లకి నేర్పాలన్న నియమం పెట్టండి. అన్నా, అన్నా అని వెంటపడే పిల్లలుంటే వాడికీ బాధ్యత తెలుస్తుంది. అయితే ఆ పెద్దవాడు చిన్నవాళ్ల చేత బట్టలు ఉతికించడం, బకెట్లు మోయించడం మొదలుపెడితే ఆ రోజే ఆపాలి, ఎంత మంచి రైడర్ అయినా సరే.

ఆట రానివాడికి పని ఇవ్వండి. సున్నం గీతలు వేయడం, ఖోఖోలో టైమ్ చూడటం, లైన్ అంపైర్‌గా నిలబడటం. ఖోఖోలో కూర్చునే ఎనిమిది మందిలో ఎవరు ముందు లేచారో పట్టేసే చూపు కొంతమందికి ఉంటుంది, వాడికి విజిల్ ఇచ్చి చూడండి. నెలకోసారి పాత్రలు మార్చండి, లేకపోతే ఎప్పటికీ సున్నం పోసేవాడు సున్నమే పోస్తాడు.

దసరా సెలవుల తర్వాత తుఫాన్లు పోయేదాకా పైన వాన రోజులకి చెప్పినట్టే. సంక్రాంతికి ఇళ్లకి వెళ్లిన పిల్లలు ఊరి వాలీబాల్ పోటీల్లో ఆడి వస్తారు, జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి దాకా నేల గట్టిగా, గాలి చల్లగా ఉంటుంది. క్లబ్బుల మధ్య పోటీలు అప్పుడే పెట్టండి. ప్రతి జట్టులో ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఇద్దరైనా ఆడాలని రాసిపెట్టండి. తెల్లారి మంచు పడుతుంది కాబట్టి ఉదయం పరుగులు ఏడు దాటాకే పెట్టండి, తడి గడ్డి మీద జారతారు.

మార్చిలో పదో తరగతి పరీక్షలు. వాళ్లని ఆట మాన్పించకండి, అరగంటకి కుదించండి, చీకటి పడకముందే పంపండి. ఎండ ముదిరాక సాయంత్రం ఐదు దాటే దాకా గ్రౌండ్ తెరవొద్దు, బిందె నిండా ఉప్పేసిన మజ్జిగ పక్కన ఉండాలి.

ఏప్రిల్ చివర పిల్లలు వెళ్లే ముందు నెట్లు ఉతికి ఎండబెట్టి ఎలుకలకి అందకుండా వేలాడదీయించండి, చిరిగిన బంతుల లెక్క రాయించండి, ఆ కబడ్డీ కోర్టు మీదికి ఇసుక మాత్రం మే నెలలోనే తోలించండి, జూన్ వానలు పడ్డాక ట్రాక్టర్ గ్రౌండ్‌లోకి దిగలేదు.