ఊరి మనుషుల యాది – మూడో పాఠం: ఏండ్లు కుదర్చడం

మొదటి పాఠంలో ఈ ఏడాది మన ఊర్లో పోయినవాళ్ల పేర్లు వాడ వాడ తిరిగి నోటుబుక్కులో ఎక్కించుకున్నాం. రెండో పాఠంలో ఆ ఇండ్లకు వెళ్లి కూర్చున్నాం. దినాలు అయ్యేదాకా పెన్ను తీయొద్దనీ, ఆడవాళ్లు శోకం పెట్టి ఏడుస్తున్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేయొద్దనీ చెప్పుకున్నాం. ఇప్పుడు మీ దగ్గర ఒక్కొక్కరి గురించి నాలుగైదు పేజీల ముచ్చట్లు ఉండాలి. అవి ముందూ వెనుకా లేకుండా కలగాపులగంగా ఉంటాయి. చెప్పేవాళ్లు అట్లాగే చెప్తారు, ఫరవాలేదు. ఆ ముచ్చట్లను ఏండ్ల వరుసలో పెట్టడమే ఈ పాఠం.

ఇది ఎంత అవసరమో నాకు ఒక తప్పు చేశాకే తెలిసింది. మాది దేవరకొండ వైపు మెట్ట ఊరు. 2024లో మా చిన్న మేనత్త పోయింది. చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద జననం 01-01-1952 అని వేయించారు, ఆధార్ కార్డులో అదే ఉంది. దశదిన కర్మ నాడు ఆమె గురించి రాసుకున్న పేజీ చదువుతూ నేనూ "డెబ్బై రెండేండ్లు బతికిన మా మేనత్త" అన్నాను. ముందు వరుసలో కూర్చున్న మా పెద్ద మేనత్త చెయ్యెత్తి ఆపింది. "డెబ్బై రెండేంది బిడ్డా? రజాకార్లప్పుడు దాన్ని నేనే చంకనెత్తుకొని గుట్టెక్కిన" అన్నది.

1952లో పుట్టిన మనిషి 1948లో, నిజాం వైపు రజాకార్లకు భయపడి, గుట్ట ఎలా ఎక్కుతుంది? నేను చదివిన ఆ ఒక్క అంకె ఆమె బతుకులోంచి ఆ రాత్రిని తీసేసింది. ఆ రాత్రి ఆమెను మోసిన అక్క అక్కడే కూర్చుని ఉంది కాబట్టి సరిపోయింది. ఆమె కూడా లేకపోయి ఉంటే నా తప్పే ఊర్లో నిలిచిపోయేది.

కాబట్టి మొదటి మాట: కార్డు మీద జనవరి 1 అనో జూలై 1 అనో కనిపిస్తే దాన్ని అంచనా అనుకోండి. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ రాసిపెట్టినవాళ్లు లేరు. కార్డు దించే రోజున ఎవరికి తోచిన వయసు వాళ్లు చెప్పారు, ఆ వయసు నుంచి తేదీ పుట్టింది.

మరి ఎట్లా పట్టుకోవాలి? "ఏ సంవత్సరం?" అని అడిగితే "ఎవలకెరుక" అనే జవాబే వస్తుంది. "అప్పుడు ఊర్లో ఏం జరిగింది?" అని అడగండి. మన వైపు పెద్దవాళ్లు కాలాన్ని సంఘటనలతో కొలుస్తారు. మనకు కావలసిందల్లా ఆ సంఘటనల ఏండ్లు తెలిసి ఉండటం. నేను నోటుబుక్కు అట్ట లోపల వాటిని అంటించుకున్నాను.

"రజాకార్లప్పుడు" అంటే ఎక్కువగా 1947, 48. "మిలట్రీ వచ్చిన యేడు" అంటే భారత సైన్యం వచ్చిన 1948 సెప్టెంబరు. ఆ నెల 17న నిజాం లొంగిపోయాడు. "సంఘం కాలం" అంటే 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం. పోచంపల్లి వైపు వాళ్లయితే "వినోబా వచ్చిన యేడు" అంటారు, అది 1951 ఏప్రిల్ 18. "మొదటి ఓట్లు" 1952. సాగర్ గురించి రెండు గుర్తులు ఉంటాయి, కలిపేయకండి: నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్ 10న, ఇందిరమ్మ వచ్చి కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. మధ్యలో పన్నెండేండ్ల దాకా తేడా ఉంది. "సాగర్ కట్టేటప్పుడు పెండ్లయింది" అని ఎవరైనా అంటే, నీళ్లు వదలకముందా, వదిలినంకనా అని తప్పకుండా అడగాలి. తర్వాత 1969 తెలంగాణ ఉద్యమం, 1975 జూన్‌లో పెట్టిన ఎమర్జెన్సీ, 1983 నాటి రెండు రూపాయల బియ్యం, 1984లో పటేల్ పట్వారీలు పోవడం, అదే ఏడాది అక్టోబరు 31న ఇందిరమ్మ చనిపోవడం, 1985లో మండలాలు రావడం. అలంపూర్ వైపు ఇండ్లలో 2009 అక్టోబరు వరద అన్నిటికన్నా గట్టి గుర్తు.

నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చినది 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం. సంపూర్ణ గ్రహణం నీడ మన జిల్లాల మీదుగా పోయింది. పట్టపగలు చీకటి పడింది, కోళ్లు గూట్లోకి పోయాయి, బజార్లు ఖాళీ అయ్యాయి, కడుపుతో ఉన్నవాళ్లను లోపలింట్లో కదలకుండా పడుకోబెట్టారు. ఆ రోజు ఎవరి ఒడిలో ఎవరున్నారో, ఎవరు కడుపుతో ఉన్నారో ఆడవాళ్లకు నిన్నటిలా గుర్తు. పాతికేండ్ల పెండ్లిండ్లు, కాన్పులు ఈ ఒక్క రోజు నుంచి అటూ ఇటూ లెక్కపెట్టుకోవచ్చు.

వీటికి మీ ఊరి సొంత గుర్తులు కలపాలి. కరెంటు ఎప్పుడొచ్చింది, మొదటి బస్సు ఎప్పుడొచ్చింది, చెరువు అలుగు పోసిన యేడు ఏది, తెగిన యేడు ఏది, మొదటి బోరు ఎవరి చెల్కలో పడింది. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను ఒకే రోజు కాకుండా వేరువేరుగా అడిగి, మాట కలిసినవి మాత్రమే రాసుకోండి. ఒకేచోట కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాళ్ల మాటే నిలుస్తుంది.

ఇక మా చిన్న మేనత్త లెక్క ఎట్లా తేలిందో చూడండి.

కర్మ అయిన వారానికి పెద్ద మేనత్త దగ్గరికి వెళ్లాను. గుట్ట ఎక్కింది మిలట్రీ రాకముందా అని అడిగాను. "ముందే. వానకాలం. చేన్లు పచ్చగున్నయి" అన్నది. అంటే 1948 ఆగస్టు దరిదాపు. చెల్లె అప్పుడు నడుస్తోందా అంటే, "నడుస్తది గాని గుట్టెక్కనీకె రాదు" అన్నది. అంటే ఏడాదిన్నర, రెండేండ్ల పిల్ల. పుట్టింది 1946లోనో 47 మొదట్లోనో.

ఇక్కడ ఇంకొక్క ప్రశ్న అడగాలనిపించింది. ఏడెనిమిదేండ్ల పిల్లవు, నువ్వెందుకు ఎత్తుకున్నావు, నాయనమ్మ ఏది? "అమ్మకు ఏడో నెల. మీ నాయన కడుపుల ఉండె."

మా నాయన పోయి చాలా ఏండ్లయింది. బడి కాగితాల్లో ఉన్న ఏడాదినే నేను ఇన్నాళ్లూ నమ్మాను. ఆయన 1948 చివర్లో, మిలట్రీ వచ్చి ఊరు కుదుటపడ్డాక పుట్టాడని ఆ రోజు తెలిసింది. అందుకే చెప్తున్నాను, ఏండ్ల లెక్క తేలగానే లేచి వచ్చేయకండి. ఎవరు, ఎందుకు అని ఒక్క మాట ఎక్కువ అడగండి.

మిగతావి తొందరగా కుదిరాయి. సాగర్ నీళ్లు వదిలిన యేడు పెద్ద బిడ్డ చంటిది: 1967, ఆమెకు ఇరవై. గ్రహణం నాడు చిన్న కొడుకు కడుపులో ఉన్నాడు: అతను పుట్టింది 1980 ఎండాకాలం. మామ పోయింది ఇందిరమ్మ చనిపోయిన పది పన్నెండు రోజులకు: 1984 నవంబరు. అప్పటికి ఆమెకు ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో, చిన్నోడికి నాలుగేండ్లు. ఇవన్నీ ఒక గీత మీద పెట్టి చూస్తే, పెండ్లి చేసుకున్న భర్తతో గడిపిన కాలం కన్నా ఒంటరిగా ఇల్లు నడిపిన కాలం దాదాపు రెండింతలు. ఆమె నోటితో ఎప్పుడూ ఈ మాట అనలేదు. నలభై ఏండ్లు అని రాసేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

నోటి మాటకు కాగితం తోడైతే మంచిది. భూమి ఉన్న ఇండ్లలో పాత పహాణీలు, అంటే భూమి లెక్కల కాగితాలు, దొరుకుతాయి, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాతల పేర్లు ఉండొచ్చు. విరాసత్ అయిన యేడు, అంటే భూమి వారసుల పేరు మీదికి మారిన యేడు, చూస్తే అంతకుముందు హక్కుదారు ఎప్పుడు పోయాడో అంచనా అందుతుంది. ట్రంకు పెట్టెలో ఉర్దూ కాగితాలు ఉంటే పారేయనివ్వకండి. వాటి మీద నిజాం కాలపు లెక్కలో ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. నెలను బట్టి 591 కావచ్చు. ఫసలీ 1358 అంటే 1948-49. ఉర్దూ చదివే పెద్దవాళ్లు మీ మండలంలో ఇంకా ఉన్నారు, అడిగితే సంతోషంగా చదివి పెడతారు. జాతకం రాయించుకున్న ఇండ్లలో సంవత్సరం పేరు ఉంటుంది. వ్యయ అంటే 1946-47, కానీ అదే పేరు 2006లో మళ్లీ వచ్చింది. ఆ పేర్లు అరవై ఏండ్లకోసారి తిరుగుతాయి కాబట్టి తాతదో మనవడిదో చూసుకోండి.

భూమి లేనివాళ్లకు ఈ కాగితాలు ఉండవు. పాలమూరు వైపు వలస పోయిన మనుషుల దగ్గర నేను ఏండ్లు అడగడం మానేశాను, పనులు అడుగుతాను. ఏ డ్యాం కాడ మట్టి మోశారు, ఎవరి గుంపుల పోయారు, అడ్వాన్సు ఎవరు తీసుకున్నారు, ఉగాదికి ఇంటికొచ్చారా లేక ఆ యేడు రాలేదా. సాగర్, శ్రీశైలం, ఆ తర్వాత బొంబాయి, పుణె. ఈ వరుసే వాళ్ల కాలం. గుంపు మేస్త్రీ ఇంట్లో పాత లెక్కల పుస్తకం ఉంటే అది బంగారం. పేరు, తీసుకున్న పైసలు, బయలుదేరిన తేదీ అన్నీ ఒక లైన్లో ఉంటాయి. ఒక మనిషి గురించి ఎక్కడైనా రాసి ఉన్నది ఆ ఒక్క లైనే కావచ్చు. దాన్ని అచ్చంగా, తప్పులతో సహా, ఎత్తి రాసుకోండి.

మగ్గాల ఊర్లలో ఇంకో గుర్తు ఉంది. ఆడవాళ్ల గురించి అడిగేటప్పుడు ఆసు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే పని, చేత్తో పోశారా, మిషన్ మీదనా అని అడగండి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసింది 1999లో. అంతకుముందు ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. "చేత్తోనే పోసింది, మిషన్ వచ్చేనాటికి భుజం పడిపోయింది" అని ఇంట్లో వాళ్లు చెప్తే, ఆ మనిషి నడివయసు ఏ ఏండ్లలో గడిచిందో, ఎట్లా గడిచిందో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగినవాళ్ల గురించి రాసేటప్పుడు రోగంతో మొదలుపెట్టకండి. వాళ్లు నిటారుగా నడిచిన ఏండ్లు కూడా ఉన్నాయి. వాటిని ముందు పట్టుకోండి.

జిల్లా పేరు దగ్గర చిన్న చిక్కు ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి, నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న వచ్చింది. నల్లగొండ జిల్లాలో పుట్టిన మనిషి అదే వాకిట్లో సూర్యాపేట జిల్లాలో పోయి ఉంటాడు. ఊరి పేరు రాసి, "అప్పటి నల్లగొండ జిల్లా" అనండి, చాలు. పోయిన రోజుకు తేదీతో పాటు తిథి కూడా రాయండి. సంవత్సరీకం తిథితోనే పెడతారు, పెత్రమాస నాడు బియ్యం ఇచ్చేటప్పుడూ ఆ కాగితమే వెతుక్కుంటారు.

ఇప్పుడు రాయడం. ఖచ్చితంగా తేలని ఏడాదిని ఒక్క అంకెగా రాయొద్దు, 1946-47 అని రాయండి. ఇంకా మంచిది, ఎట్లా తేలిందో అదే రాయడం. మా మేనత్త పేజీ మొదలు ఇదివరకు ఇట్లా ఉండేది: "1952లో జన్మించిన ఆమె కష్టజీవి, అందరినీ ప్రేమగా పలకరించేవారు." ఈ మాట మన ఊర్లో పోయిన ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ సరిపోదు. సంవత్సరీకం నాటికి దాన్ని ఇట్లా మార్చాను:

"రజాకార్ల కాలంలో అక్క చంకలో గుట్ట ఎక్కిన రెండేండ్ల పిల్ల మా మేనత్త. సాగర్ నీళ్లు వదిలిన ఏడాది తల్లి అయింది. 1984 నవంబరులో మామ పోయేనాటికి చిన్న కొడుక్కి నాలుగేండ్లు. ఆ తర్వాత నలభై ఏండ్లు ఆ ఇల్లు ఆమె ఒక్కతే నడిపింది."

చదివే ముందు పెద్ద మేనత్తకు వినిపించాను. "ఒక్కతే" అన్న చోట ఆపి, "పెద్ద బిడ్డ కూడ ఆమెతోని కూలికి పోయింది, అది రాయి" అన్నది. 1984లో ఆ పిల్లకు పదిహేడు. రాశాను. మీరూ ఇంట్లో పెద్దవాళ్లకు ముందు వినిపించండి. వాళ్లు ఆపిన చోటల్లా ఒక మనిషి ఉంటారు.

ఈ పాఠానికి పని: మీ నోటుబుక్కులోంచి ఒక్క పేరు తీసుకోండి, మీ ఇంటి మనిషిది కాకుండా ఉంటే మేలు. ఒక తెల్ల కాగితం మీద అడ్డంగా గీత గీసి, కనీసం అయిదు చోట్ల ఆ మనిషి బతుకును ఊరి గుర్తులకు ముడివేయండి. ఖాళీలు మిగులుతాయి, వాటిని ఖాళీగానే ఉంచి పక్కన ఎవరిని అడగాలో రాసుకోండి. వచ్చే పాఠంలో పని గురించి చూద్దాం: నాటు, ఆసు, మట్టి, ఇస్త్రీ, బీడీ; ఒక్కో పనికి ఉన్న మాటలను ఎట్లా పట్టుకోవాలో.

మా మేనత్త గీత మీద 1985 నుంచి 1992 దాకా ఇప్పటికీ ఖాళీయే. పిల్లలకు సరిగ్గా గుర్తు లేదు, మిర్యాలగూడ వైపు సాగర్ ఆయకట్టులో నాట్లకు పోయేదని మాత్రం చెప్తారు. ఆమెతో కలిసి పోయిన ఒక ముసలమ్మ ఆ వైపే కూతురి దగ్గర ఉందని మొన్న తెలిసింది. ఆదివారం పొద్దున బస్సుకు వెళ్తున్నాను.