లాక్ ఉన్న ప్రాసెసర్ నుంచి పూర్తి పని రాబట్టడం – 2వ పాఠం: ర్యామ్, ఆ తర్వాత వాట్లు

గత పాఠంలో మీ సిస్టమ్ ఇప్పుడు ఎంత పని చేస్తోందో కొలిచి కాగితం మీద రాసుకున్నారు. ప్రాసెసర్ బలాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాలు నడిపితే వచ్చిన స్కోరు, ఆ సమయంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో చూపించిన గరిష్ఠ ఉష్ణోగ్రత, ప్యాకేజీ పవర్ (ప్రాసెసర్ మొత్తం వాడిన వాట్లు) ఆ కాగితంలో ఉండాలి. ఈరోజు దానికి ఇంకో అంకె చేర్చండి. ఫైళ్లను కుదించే సెవెన్-జిప్ ప్రోగ్రామ్ తెరిచి, టూల్స్ మెనూలో ఉన్న బెంచ్‌మార్క్ నడిపి, వచ్చిన రేటింగ్ రాసుకోండి. ర్యామ్ మార్చినా సినీబెంచ్ స్కోరు పెద్దగా కదలదు, ఎందుకంటే ఆ పరీక్షకు కావలసిన డేటా చాలావరకు ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన క్యాష్‌లోనే దొరుకుతుంది. సెవెన్-జిప్ అలా కాదు, మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్తుంది. ఈ పాఠానికి సరైన కొలబద్ద అదే.

మన ఉదాహరణ ఇంటెల్ కోర్ ఐ5-12400. పేరు చివర కె లేదు కాబట్టి మల్టిప్లయర్‌ని 44 దాటించలేం. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని 44తో గుణిస్తే 4.4 గిగాహెర్ట్జ్. ఒక కోర్ మీద పని ఉన్నప్పుడు అదే హద్దు. మరి ఆ 100నే పెంచితే? 6వ తరం స్కైలేక్ చిప్పుల్లో కొందరు అలా చేశారు, 2016లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లతో ఆ దారి మూసేసింది. 12వ తరంలో విడిగా క్లాక్ జనరేటర్ ఉన్న కొన్ని బోర్డుల్లో ఆ దారి మళ్లీ తెరుచుకుంది. రోజూ పనికి వాడుకునే సిస్టమ్ మీద నేనైతే ఆ ప్రయోగం చెయ్యమని చెప్పను. తాళం పడింది ముఖ్యంగా మల్టిప్లయర్‌కే. ర్యామ్ వేగం, కరెంటు పరిమితి, వేడి ఇంకా మన చేతిలోనే ఉన్నాయి.

ముందు ర్యామ్ సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే స్పీడ్, స్లాట్స్ యూజ్డ్ అని కనిపిస్తాయి. ఈ రెండు అంకెలనూ జాగ్రత్తగా చూడండి. సికింద్రాబాద్ చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ అయినా, ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైనా, అక్కడ "4లో 1" అని ఉండే అవకాశం చాలా ఎక్కువ. "ఇప్పుడు ఒకటే 16 జీబీ తీసుకోండి, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు" అనే సలహా మనకు అలవాటైపోయింది. ఆ "తర్వాత" చాలామంది ఇళ్లలో రానే రాదు.

దాని వల్ల పోయేదెంతో లెక్క వేద్దాం. ఒక ర్యామ్ ఛానల్ వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. డీడీఆర్4-3200 స్టిక్ సెకనుకు 320 కోట్ల సార్లు డేటా పంపుతుంది. 8తో గుణిస్తే సెకనుకు 25.6 గిగాబైట్లు. రెండు ఛానళ్లలో చెరో స్టిక్ ఉంటే 51.2. ఒక్క స్టిక్కే ఉంటే ప్రాసెసర్‌కి ఉన్న రెండు దారుల్లో ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే నడిపేవాళ్లకు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఇదే ర్యామ్‌ని పంచుకోవాలి. కృష్ణానగర్ వైపు చిన్న ఎడిటింగ్ రూముల్లో పనిచేసే కుర్రాళ్లు టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోందని ప్రాసెసర్ మార్చడానికి డబ్బు కూడబెట్టుకుంటుంటే నాకు బాధేస్తుంది. ముందు ఈ ఒక్క అంకె చూసుకోవాలి కదా!

కొత్తగా కొంటుంటే 16 జీబీ ఒకటి కాకుండా 8 జీబీలు రెండు, ఒకే ప్యాకెట్‌లో వచ్చే కిట్‌గా అడగండి. ఇప్పటికే ఒకటి ఉంటే అదే కంపెనీ, అదే సైజు, అదే టైమింగ్స్ (ర్యామ్ ఆలస్యాన్ని చెప్పే అంకెలు) ఉన్న ఇంకోటి వెతకండి. కలవని స్టిక్కులు రెండూ నడవచ్చు, కానీ నెమ్మదైనదాని వేగానికే రెండూ దిగుతాయి. సైజులు వేరైతే, ఉదాహరణకు 8, 16 కలిపితే, 16 జీబీ వరకు రెండు ఛానళ్లలో నడిచి, మిగిలిన 8 జీబీ ఒంటి ఛానల్‌లో నడుస్తుంది. ఒంటి స్టిక్ కన్నా అదీ మేలే.

నాలుగు స్లాట్లున్న బోర్డులో స్టిక్కులు పెట్టాల్సింది ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. బోర్డు మీద ఏ2, బీ2 అని అచ్చు వేసి ఉంటుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానల్‌లో పడతాయి. ఒకటి, మూడు స్లాట్లలో పెడితే ఛానళ్లు రెండవుతాయి కానీ, చివరి స్లాట్ ఖాళీగా ఉండటంతో తీగ కొస నుంచి సిగ్నల్ వెనక్కి కొడుతుంది. ఎక్కువ వేగం దగ్గర అది ఎర్రర్లకు దారి తీస్తుంది. స్టిక్ తీసేముందు ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఓసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి.

ఇప్పుడు వేగం. ప్యాకెట్ మీద 3200 అని ఉన్నా, ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌తో ఆ వేగం ఇచ్చే కిట్లు బయోస్‌లో (బోర్డు సెట్టింగులు ఉండే చోటు) ఏమీ మార్చకపోతే సాధారణంగా 2133, 2400 లేదా 2666 దగ్గర మొదలవుతాయి. ఎక్స్‌ఎంపీ అంటే తయారీదారు స్టిక్ లోపలే రాసి ఉంచిన వేగం, టైమింగ్స్, వోల్టేజీ. సిస్టమ్ ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి ప్రొఫైల్ 1 ఎంచుకుని సేవ్ చేయండి. వోల్టేజీ 1.2 నుంచి 1.35కి మారినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, ఆ కిట్ దానికే తయారైంది. తర్వాత సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 1600 అని కనిపిస్తుంది. అది సరైనదే. డీడీఆర్‌లో ప్రతి క్లాక్‌కీ రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి 1600 అంటేనే 3200.

వేగం ఒక్కటే చూసి కొనేవాళ్లకు సీఎల్ అంకె (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే క్లాక్‌ల లెక్క) గురించి ఎవరూ చెప్పరు. సీఎల్‌ని 2000తో గుణించి స్టిక్ వేగంతో భాగించండి, ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200, సీఎల్16కి సరిగ్గా 10. అదే 3200లో సీఎల్22కి 13.75. 3600, సీఎల్18కి మళ్లీ 10. అంటే 3600 కిట్‌లో ఆలస్యం తగ్గలేదు, ఛానల్ సామర్థ్యం మాత్రం 28.8 గిగాబైట్లకు పెరిగింది. ధరలో తేడా ఎక్కువుంటే సీఎల్16 ఉన్న 3200 కిట్ తీసుకుని నిశ్చింతగా ఉండండి.

అలా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 12వ తరం లాక్ చిప్పుల్లో మెమరీ కంట్రోలర్‌కి సంబంధించిన సిస్టమ్ ఏజెంట్ వోల్టేజీ కూడా పెంచనివ్వరు. అందుకే 3600 దగ్గర కొన్ని చిప్పులు గేర్ 1లో, అంటే కంట్రోలర్, ర్యామ్ ఒకే వేగంతో నడిచే పద్ధతిలో, నిలబడవు. అప్పుడు గేర్ 2లోకి వెళ్తే కంట్రోలర్ సగం వేగానికి పడిపోయి, పెంచిన వేగం ఆలస్యంలో కరిగిపోతుంది. బోర్డు కూడా చూసుకోవాలి. హెచ్610 చిప్‌సెట్ ఉన్న బోర్డులో 3200 దాటలేం, బీ660లో దాటొచ్చు. పదో తరం ఐ5-10400ని బీ460 బోర్డులో పెట్టుకున్నవాళ్లకు 2666తో సరి. వాళ్లు రెండో స్టిక్ మీద ఖర్చు పెట్టడమే మంచిది.

సేవ్ చేశాక స్క్రీన్ ఓ నిమిషం నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు కొత్త వేగాన్ని ప్రయత్నిస్తోందన్నమాట, ఆగండి. డీడీఆర్5లో మొదటిసారి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఎంతకీ రాకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట ఉంచి మళ్లీ పెట్టండి. బయోస్ పాత సెట్టింగులకు తిరిగొస్తుంది.

విండోస్ తెరుచుకుంది కదా అని పని అయిపోయిందనుకోవద్దు. ర్యామ్ ఎర్రర్ చప్పుడు లేకుండా ఫైళ్లు పాడుచేస్తుంది. మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాన్నుంచి బూట్ చేసి, నాలుగు పాస్‌లూ పూర్తవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వేగం ఒక మెట్టు దించాల్సిందే. మన హైదరాబాద్‌లో ఈ పరీక్షను మధ్యాహ్నం, ఏసీ వేయకుండా చేయండి. డిసెంబర్ తెల్లవారుజామున నెగ్గిన సెట్టింగ్, బయట 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఓడిపోవచ్చు.

ఇక వాట్లు. ఐ5-12400కి ఇంటెల్ ఇచ్చిన పరిమితులు రెండు: కొద్దిసేపటికి 117 వాట్లు, దీర్ఘకాలానికి 65. మొదటిదాన్ని పీఎల్2 అంటారు, రెండోదాన్ని పీఎల్1. ఈ చిప్ ఆరు కోర్లూ 4 గిగాహెర్ట్జ్‌లో నడవడానికి కాస్త అటూఇటూగా 65 వాట్లు సరిపోతాయి కాబట్టి పీఎల్1 పెంచినా లాభం కొంచెమే. ఐ7-12700 ఉన్నవాళ్ల సంగతి వేరు. దానికి 180, 65. రెండరింగ్ మొదట జోరుగా సాగి, అర నిమిషానికి 65కి దిగి, కోర్లు బాగా నెమ్మదిస్తాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పవర్ లిమిట్ ఎక్సీడెడ్ పక్కన "యెస్" అని కనిపిస్తే మీ పరిస్థితి అదే. చాలా బోర్డుల బయోస్‌లో పీఎల్1 మార్చుకోవచ్చు. ఒకేసారి 180కి తీసుకెళ్లకుండా 65 నుంచి 90కి పెంచి సినీబెంచ్ నడపండి. ఉష్ణోగ్రత 90 దాటుతుంటే అక్కడే ఆగండి. ప్రాసెసర్ పక్కనుండి దానికి కావలసిన వోల్టేజీ అందించే వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ లేని బోర్డయితే 65నే ఉంచండి, ఆ భాగాలు కాలిపోతే బోర్డే పోతుంది.

వచ్చే పాఠంలో కంపెనీ కూలర్ విప్పి వేడి సంగతి చూస్తాం. ఈలోగా ర్యామ్ మార్పుకు ముందు, తర్వాత వచ్చిన సెవెన్-జిప్ రేటింగులు పక్కపక్కన రాసి ఉంచండి. థర్మల్ పేస్ట్ చిన్న ట్యూబు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు ఊడని బట్ట తెచ్చిపెట్టుకోండి.